దొంగజాబును గుర్తించుట ఎట్లు? – మన్యపు విద్యార్థులకు ఒక పాఠము

అరకులోయ వారపుసంతలో పసుపు కొనువానిని ఒకసారి గమనింపుడు. అతడు కొమ్ము పైరంగును చూచి తృప్తిపడడు. దానిని విరిచి లోపలి రంగు చూచును. తూకమును తన కన్నుల యెదుటనే వేయించును. అమ్ముటకు వచ్చిన రైతు కూడ అంత జాగ్రత్త గలవాడే. రాళ్లు సరియైనవో కావో చూచుకొని, డబ్బు లెక్కపెట్టుకొని, మూట కట్టుకొనును.

ఈ జాగ్రత్త మన్యప్రజలకు కష్టములు నేర్పిన పాఠము. ఒకప్పుడు మైదానమునుండి కొండలెక్కి వచ్చిన కొందరు వర్తకులు కొలతలలో మోసము చేసిరి. చదువురాని వారిచే కాగితములపై వ్రేలిముద్రలు వేయించుకొని అప్పులు పెంచిరి. పంటనేకాక భూమిని సైతము కాజేసిరి. ఆ బాధను తొలగించు ఉద్దేశముతోనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 1959లో షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధన వచ్చినది.

కాలము మారినది. నేటి మోసగాడు కొండ యెక్కి రానక్కరలేదు. ఎక్కడనో కూర్చుండి, విద్యార్థి చేతిలోని ఫోనునకు ఒక జాబు పంపిన చాలును. పూర్వము తప్పుడు తూకమును కనిపెట్టుట నేర్చుకొన్నట్లే, ఇప్పుడు తప్పుడు జాబును కనిపెట్టుట మనము నేర్చుకొనవలసియున్నది. ఈ పాఠము అందులకే.

ఒక విద్యార్థిని అనుభవము

ఆ మధ్య మేము ప్రచారకార్యము మీద ఏజెన్సీలోని ఒక కళాశాలకు వెళ్లియుంటిమి. సభ ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిని మావద్దకు వచ్చి, చాలసేపు తటపటాయించి, తన ఫోను చూపినది. ఆమె ఇంటిలో కళాశాల మెట్లెక్కిన మొదటి బిడ్డ ఆమెయే. ఇంటిలో మాటలాడునది ఆదివాసీ ఒడియా. తెలుగును బడిలో నేర్చుకొన్నది. ఇంగ్లీషును కళాశాలలో నేర్చుకొనుచున్నది.

ఆమెకు ఉపకారవేతనము మంజూరైనదనియు, ధ్రువీకరణ రుసుము క్రింద రూ. 1,850 ఆ సాయంకాలములోగా పంపవలెననియు ఒక జాబు వచ్చినది. తండ్రి కాఫీపండ్లు అమ్మగా వచ్చిన సొమ్ములోనుండి ఆమెకు నెల ఖర్చుకై పంపిన డబ్బు ఆమెవద్ద ఉన్నది. పంపివేసినది. మరునాడు మరియొక రుసుము అడిగిరి. అదియు పంపినది. మూడవనాడు ఆ నంబరు మూగవోయినది.

“నీకు అనుమానము కలుగలేదా, అమ్మా?” అని అడిగితిమి.

“ఒక్క తప్పు కూడ లేదు, సార్. మా లెక్చరర్లు కూడ అంత మంచి తెలుగు వ్రాయరు. అంత చక్కగా వ్రాసినవారు దొంగలని ఎట్లు అనుకొందును?” అని ఆమె బదులు చెప్పినది.

ఈ మాట మమ్ము చాలకాలము వెన్నాడినది. తప్పులున్న జాబు దొంగజాబని మేమును ఎన్నో సభలలో చెప్పియుంటిమి. ఆ బోధనయే తలక్రిందులై ఆమెను ముంచినది. తప్పులున్నది దొంగదైనచో, తప్పులు లేనిది నిజమని ఆమె అనుకొన్నది. అందులో ఆమె దోషము లేదు. పాఠమును సగమే చెప్పిన మాది దోషము. మిగిలిన సగమును ఇప్పుడు చెప్పెదము.

మూడు జాబులు

ఈ క్రింది మూడు జాబులు మేము మాదిరికై కూర్చినవి. ఇందులో ఏది నిజమైనదో పాఠకులు ముందుగా తామే ఊహింతురు గాక.

మొదటిది: “ప్రియ విద్యార్ది, నీకు ప్రబుత్వం లాప్‌టాప్ ఉచితం ఇస్తుంది. ఈ మెసేజి 10 మందికి పంపు. లేకపోతే అవకాసం పోవును. ఇక్కడ నొక్కు.”

రెండవది: “గౌరవనీయులైన విద్యార్థినికి, ఈ విద్యాసంవత్సరానికి మీ ఉపకారవేతనం మంజూరైనదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ధ్రువీకరణ రుసుము రూ. 1,850 ఈ సాయంత్రం 5 గంటలలోగా చెల్లించనిచో మంజూరు రద్దవుతుంది. ఇట్లు, సహాయ సంచాలకులు.”

మూడవది: “పిల్లల తల్లితండ్రులు కు నమస్కారం. సోమవారం హాస్టల్ లో మీటింగ్ ఉంది. ఆదార్ జిరాక్స్ తెచ్చుకోండి. డబ్బులు ఏమి అక్కరలేదు. ఆ రోజు పని ఉంటే మంగళవారం రండి. వార్డెన్.”

మొదటి దానిలో తప్పులు కలవు, అది దొంగది. రెండవ దానిలో ఒక్క తప్పు లేదు, అదియు దొంగదే. మూడవ దానిలో తప్పులు కలవు. కాని అది నమ్మదగినది. అందులో డబ్బు అడుగలేదు, రహస్యము అడుగలేదు, భయపెట్టలేదు. ఆనాడు కానిచో మరునాడు రమ్మన్నారు. పోయి చూచుటకు హాస్టలు అక్కడనే ఉన్నది. అడుగుటకు మనిషి ఉన్నాడు. జాబు నిజానిజములు అక్షరములలో కంటె ఈ విషయములలోనే ఎక్కువగా తెలియును.

మన్యములో ఈ భేదమును తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఇక్కడ అనేకులకు తెలుగు తల్లిభాష కాదు. కువి, పోర్జా, గదబ, కొండభాష, ఆదివాసీ ఒడియా మాటలాడువారు తెలుగు వ్రాయునపుడు విభక్తులు జారుట సహజము. అట్టి జాబును చూచి నవ్వుట తప్పు. దొంగదని త్రోసివేయుట అంతకంటె తప్పు. మాకే ఒకసారి ఒక కార్యాలయమునుండి అక్షరదోషములు నిండిన ఉత్తరువు ఒకటి ఈ-మెయిలులో వచ్చినది. పట్టభద్రులమను గర్వముతో దానిని నకిలీయని తీసివేసితిమి. అది నిజమైనదే. గడువు దాటిపోయిన పిమ్మట సంజాయిషీ వ్రాసికొనవలసి వచ్చినది.

తప్పులు ఏమి చెప్పును?

అట్లని తప్పులను పట్టించుకొనవలదని మా భావము కాదు. తప్పులలో జాతులు కలవు. ఒత్తు పోవుట, దీర్ఘము పోవుట చేతిజారుపాటు. అది ఎవరికైనను కలుగును. ఒకే జాబులో ఒక వాక్యమున “మీరు” అని, మరు వాక్యమున “నీవు” అని సంబోధించుట, పురుషునిగూర్చి “వచ్చింది” అని వ్రాయుట వేరు. జాబు వ్రాసినవాడు తెలుగెరుగడనియు, వేరొక భాషలోని జాబును యంత్రముచే తెలుగు చేయించి వేలమందికి పంపినాడనియు అవి సూచించును.

వీనిన్నిటికంటె పెద్దవి విషయదోషములు. పాడేరు, అరకు మండలములు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. పాడేరు ఐటీడీఏ పేరుతో క్రొత్తగా వచ్చిన జాబులో “పాడేరు, విశాఖపట్నం జిల్లా” అని ఉన్నచో ఆగి విచారింపవలెను. నీ కళాశాలలో లేని కోర్సు పేరు, నీవు దరఖాస్తు చేయని పథకము పేరు, నీవు వ్రాయని పరీక్ష ఫలితము – ఇవి అక్షరదోషములు కావు, అబద్ధపు అడుగుజాడలు.

మోసగాండ్రు నమ్మశక్యముగాని కథలను ఏల వ్రాయుదురు? మైక్రోసాఫ్టు సంస్థలో పరిశోధకుడైన కార్మాక్ హెర్లీ 2012లో ఈ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పెను. లక్షజాబులు పంపుటకు మోసగానికి పెద్ద ఖర్చు లేదు. కాని బదులిచ్చిన ప్రతివానితోను మాటలాడుటకు కాలము పట్టును. కావున వివేకము గలవారు మొదటనే తప్పుకొనునట్లు కథను అసంభవముగా వ్రాసినచో, మిగిలినవారు సులభముగా లొంగువారగుదురు. అనగా అట్టి జాబు ఒక జల్లెడ. తప్పులతడకయైన జాబు కూడ కొన్ని సమయములలో ఇట్టి జల్లెడయే కావచ్చును.

ఇప్పుడు మరియొక మార్పు వచ్చినది. కృత్రిమ మేధ అను యంత్రశక్తి అడిగినంతనే చక్కని ఇంగ్లీషు, చక్కని తెలుగు వ్రాసిపెట్టుచున్నది. దానిని అందరును వాడుకొనుచున్నారు, మోసగాండ్రును వాడుకొనుచున్నారు. ఇకమీదట తప్పులు లేకుండుట నిజాయితీకి గుర్తు కానేరదు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి జాబులకు చక్కగా తగును.

ఐదు పరీక్షలు

పసుపుకొమ్మును విరిచి చూచినట్లు, జాబును ఈ ఐదు విధముల పరీక్షింపవలెను.

1. ఏమి అడుగుచున్నది? నీకు ధనము ఇచ్చెదమని చెప్పి, ముందుగా నిన్నే ధనము అడుగు జాబును నమ్మవలదు. ఉద్యోగములకు దరఖాస్తు రుసుము ఉండవచ్చును. దానిని అధికార వెబ్‌సైటులో దరఖాస్తు చేయునపుడే చెల్లింతురు. ఎంపిక అయినదని చెప్పి ఒక వ్యక్తి ఫోను నంబరునకు పంపుమనుట మోసము. ఓటీపీని, యూపీఐ పిన్నును ఎవరికిని చెప్పరాదు. చెప్పుట దొంగచేతికి తాళములు ఇచ్చుటయే. ఇంకొక మాట గుర్తుంచుకొనుడు: యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్నుతో పనిలేదు.

2. తొందరపెట్టుచున్నదా? “ఈ సాయంకాలములోగా”, “ఒక గంటలోగా” అను మాటలు ఆలోచనకు వ్యవధి లేకుండ చేయు ఉపాయములు. పోలీసువారమని వీడియోలో కనబడి, “నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఎవరితోను మాటలాడవలదు” అని బెదిరించువారును ఈ జాతివారే. అట్టి అరెస్టు మన చట్టములో లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగములో ప్రజలకు తెలిపియున్నారు.

3. ఎక్కడనుండి వచ్చినది? ఉత్తరాంధ్రలో కొత్తవలస అను పేరుగల గ్రామములు అనేకము. జాబుపై కొత్తవలస అని మాత్రమే ఉన్నచో తపాలా బంట్రోతు ఏమి చేయును? చిరునామా చివర ఉన్న మండలమును, జిల్లాను చూచును. వెబ్‌సైటు చిరునామాను కూడ అట్లే చివరనుండి చదువవలెను. పేరు తరువాత మొదటి ఏటవాలు గీత వచ్చువరకు గల భాగములో చివరి మాటలే ముఖ్యము. మన రాష్ట్ర ప్రభుత్వ చిరునామాలు సాధారణముగా “ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్” అని, కేంద్ర ప్రభుత్వమువి “గవ్ డాట్ ఇన్” అని, విశ్వవిద్యాలయములవి పెక్కు “ఏసీ డాట్ ఇన్” అని ముగియును. చిరునామా మొదటిభాగములో “జ్ఞానభూమి”, “ఏపీ”, “గవ్” అని ఎన్ని మాటలు చేర్చినను, చివర “డాట్ కామ్” అనియో మరియొకటియో ఉన్నచో అది ప్రభుత్వపు ఇల్లని నమ్మరాదు. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా “బ్యాంక్ డాట్ ఇన్” అని ముగియు చిరునామాలకు మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

ఈ-మెయిలులో పంపినవారి పేరును చూచి ఊరకొనరాదు. పేరు ఎవరు ఏదైనను పెట్టుకొనవచ్చును. పేరుపై నొక్కి, దాని వెనుకనున్న అసలు చిరునామాను చదువవలెను. ఒక అక్షరమునకు బదులు దానినిపోలిన అంకె, ఓ అక్షరమునకు బదులు సున్న, ఉండవచ్చును. ఎస్‌ఎమ్‌ఎస్‌లకు మరియొక గుర్తు కలదు. 2025 మే నెలనుండి సంస్థల సందేశములలో పంపువారి పేరు చివర ఒక అడ్డగీత, దాని తరువాత ఒక ఇంగ్లీషు అక్షరము వచ్చుచున్నవి: ప్రకటనలకు పీ, సేవలకు ఎస్, లావాదేవీలకు టీ, ప్రభుత్వ సందేశములకు జీ. ఎవరిదో పది అంకెల నంబరునుండి “ప్రభుత్వము” మాటలాడినచో సందేహింపవలెను.

4. వేరు దారిన విచారించితివా? జాబులోని లింకును నొక్కి, జాబులోని నంబరునకు ఫోను చేసి నిజము తెలిసికొందుమనుట దొంగనే సాక్ష్యము అడుగుట. ఆ దారిని విడిచి మరియొక దారిన పోవలెను. ఉపకారవేతనము సంగతి కళాశాల కార్యాలయములోనో, గ్రామ సచివాలయములోనో, జ్ఞానభూమి వెబ్‌సైటును స్వయముగా తెరచియో తెలిసికొనవలెను. కొండవాలు గ్రామములలో సిగ్నలు అందక, గుట్టయెక్కి ఫోను చూచుకొను విద్యార్థులు పెక్కురు. గుట్టమీద ఉన్న ఆ కొద్ది నిమిషములలో వచ్చినదానికెల్ల బదులివ్వవలెనను తొందర సహజము. అట్టివేళ చదువుడు, దిగిరండు, ఇంకొకరితో చెప్పుడు, ఆ తరువాతనే బదులిండు. నిజమైన కార్యాలయము ఒక్క రాత్రిలో పారిపోదు.

5. అరువు అడుగుచున్నదా? “నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు వాడుకొననిమ్ము, కమీషను ఇచ్చెదము” అని విద్యార్థులను అడుగువారు కలరు. ఇతరులనుండి దోచిన సొమ్మును దాటించుటకు ఆ ఖాతా వంతెనయగును. దొంగ దొరకడు, ఖాతాదారు దొరకును. పాసుపుస్తకమును, ఏటీఎం కార్డును, సిమ్ కార్డును ఎవరికిని అరువీయరాదు.

పదిమందికి పంపుమను జాబు

సొమ్ము అడుగని దొంగజాబులును కలవు. 1994లో అమెరికాలో “గుడ్ టైమ్స్” అను పేరుగల ఈ-మెయిలును తెరువవలదనియు, తెరచినచో కంప్యూటరులోనిదంతయు చెరిగిపోవుననియు ఒక హెచ్చరిక వ్యాపించినది. అట్టి వైరసు లేనే లేదు. మంచి చేయుచున్నామను నమ్మకముతో జనులు ఆ హెచ్చరికనే ఒకరికొకరు పంపుకొనిరి. కావున అసలు తెగులు ఆ హెచ్చరికయే అయినది.

అది నవ్వులాటతో పోయినది. అన్నియు అట్లు పోవు. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని 2018లో వాట్సాప్ ద్వారా పుకార్లు వ్యాపింపగా, దేశములో అనేకచోట్ల నిరపరాధులను గుంపులు కొట్టి చంపినవి. మన తెలుగు రాష్ట్రములు రెండింటను ఆ యేడు మే నెలలో అట్టి దాడులు జరిగినవి. ఆ పిమ్మట జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకమారు అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసినది. ఊరికి క్రొత్తవాడు, భాషరానివాడు, మతిచలించినవాడు – ఇట్టివారే ఆ పుకార్లకు బలియైనవారు. కొండలలో తిరిగి వస్తువులమ్మువాడు మన ఊరికి క్రొత్తవాడు. మన పిల్లవాడు పట్టణములో చదువుకొనుచున్నపుడు ఆ ఊరికి అతడే క్రొత్తవాడు. కావున జాబులో “అందరికి పంపుడు” అని ఉన్నచో, అదియే ఆగవలసిన చోటు.

మోసపోయినచో

ఆ విద్యార్థిని సొమ్ము పోయిన సంగతిని నెలరోజులు ఎవరికిని చెప్పలేదు. తండ్రి కష్టార్జితము పోగొట్టితినను సిగ్గు ఒకటి. చదువు మాన్పింతురను భయము ఒకటి. ఈ సిగ్గే దొంగకు పెట్టని కోట. నిజమునకు పెద్ద ఉద్యోగులు, వైద్యులు, బ్యాంకులలో పనిచేసినవారు సైతము ఇట్లు మోసపోయినారు. మోసపోవుట నేరము కాదు, మోసగించుట నేరము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66డీ విభాగము ప్రకారము, కంప్యూటరు సాధనములద్వారా వేరొకరి వేషము ధరించి మోసగించినవారికి మూడేండ్లవరకు జైలు, లక్ష రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును.

సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగిడుచుండగా, బ్యాంకులచే దానిని దారిలో ఆపించు ఏర్పాటు ఇది. గంటలు గడచినకొలది ఆశ తగ్గును. ఆ తరువాత “సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్” వెబ్‌సైటులోగాని, సమీపపు పోలీసు ఠాణాలోగాని ఫిర్యాదు వ్రాసి ఇయ్యవలెను, బ్యాంకునకును తెలుపవలెను. వచ్చిన జాబును సిగ్గుతో చెరిపివేయరాదు; అదియే సాక్ష్యము. సొమ్ము పోకున్నను, అనుమానపు జాబు వచ్చినచో 2024 మార్చిలో ప్రారంభమైన “చక్షు” అను ఏర్పాటు ద్వారా సంచార్ సాథీ వెబ్‌సైటులో తెలుపవచ్చును.

ఇంటిలోని పెద్దలకు ఒక మనవి. పిల్ల వచ్చి “డబ్బు పోయినది” అని చెప్పినపుడు మొదట తిట్టకుడు. మొదట 1930కి ఫోను చేయింపుడు. తిట్టుటకు తరువాత కావలసినంత కాలముండును.

ముగింపు

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడిచేసి ఆయుధములు గొనిపోయినపుడు, తాము గొనిపోయినవానిని వ్రాసి, దానిక్రింద తమ సంతకము చేసి వెళ్లిన సంగతి మన్యములో పిల్లలకు సైతము తెలిసినదే. తమ మాటకు తాము బాధ్యులని ఒప్పుకొనుటయే ఆ సంతకమునకు అర్థము. మంచిజాబు గుర్తును అదియే. ఎవరు వ్రాసిరో, ఎక్కడ ఉన్నారో, పోయి అడిగిన బదులిత్తురో లేదో అది తెలుపును. అక్షరములు వంకరగా ఉన్నను బాధ్యత నిటారుగా ఉండును. దొంగజాబున అక్షరములు ఎంత చక్కనివైనను, వాని వెనుక నిలుచు మనిషి ఉండడు.

ఆ విద్యార్థిని చదువు మానలేదు. ఇప్పుడు ఆమె హాస్టలులో ఎవరికి అనుమానపు జాబు వచ్చినను ముందుగా ఆమెకు చూపుచున్నారట. “భాష బాగున్నది, సరే. ఏమి అడుగుచున్నాడో చదువు” అనునది ఆమె మొదటి మాటయని వింటిమి. ఈ పాఠమంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది.

అభ్యాసము

1. మీ ఫోనులోని చివరి పది సందేశములను తీసి, ఏది ఏమి అడుగుచున్నదో ఒక కాగితముపై వ్రాయుడు.

2. పై మూడు మాదిరి జాబులను ఇంటిలో మీ భాషలోనికి మార్చి పెద్దలకు వినిపింపుడు. ఏది నిజమో వారినే చెప్పనిండు.

3. 1930 అను నంబరును ఇంటిగోడపై అందరికి కనబడునట్లు బొగ్గుతోనైనను వ్రాసియుంచుడు.